దొంగలు చర్చిలోకి ఎందుకు రాలేదు?

‘హోమ్ అలోన్’ దర్శకులు క్రిస్ కొలంబస్ గారికి,

గుంటూరు నుంచి రాస్తున్నాను. ఇరవై ఏడేళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. మీరెవరో కూడా నాకు ఈ డిసెంబరులోనే సరిగ్గా తెలిసింది. మా తరానికి కొలంబస్ అంటే సోషల్ పుస్తకంలో ఓడెక్కిన మనిషే. ‘భామనే సత్యభామనే’లో కమల్‌హాసన్ చీర కట్టుకుని ఆయాగా వస్తే పొట్ట పట్టుకుని నవ్విన వాళ్లమే గానీ, దాని వెనక మీ ‘మిసెస్ డౌట్‌ఫైర్’ ఉందని మా అబ్బాయి చెబితే మొన్న తెలిసింది.

ఈ ఉత్తరానికి కారణం చెబుతాను. సెమీ క్రిస్మస్ అయ్యాక ఒక సాయంత్రం చర్చి వెనక హాల్లో తెల్ల దుప్పటి కట్టి పిల్లలకు ‘హోమ్ అలోన్’ వేద్దామని యూత్ కుర్రాళ్లు అడిగారు. కమిటీలో ఒక పెద్దాయన లేచి, “క్రిస్మస్ సినిమా అంటున్నారు బాగానే ఉంది, అందులో క్రీస్తు ఎక్కడున్నాడో చెప్పండి, అప్పుడు వేసుకుందాం” అన్నారు. పాస్టరుగారు ఎవరినీ నొప్పించే రకం కాదు. “టీచరమ్మగారు చూసి చెబుతారు” అని నా మీదకు తోసేశారు.

పెద్దాయనను చూసి నవ్వకండి. మా చర్చిల్లో చాలాకాలం సినిమా అంటే ‘లోకం’. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు మానేయాల్సిన వాటి జాబితాలో బీడీ తరవాత సినిమా ఉండేది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ ఒక్కటే దానికి మినహాయింపు. విజయచందర్ సిలువ మోస్తుంటే ఊరి మధ్య పరదా ముందు నేలమీద కూర్చుని మా అమ్మ ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. సినిమా అంటే అలా ఏడిపించాలి, లేకపోతే అది మనది కాదు, అనుకుంటూ పెరిగాం. అలాంటి మాకు క్రిస్మస్ పేరుతో ఇస్త్రీపెట్టె మొహాన పడే సినిమా తెచ్చి పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

నోటుపుస్తకం పక్కన పెట్టుకుని మూడు రాత్రులు చూశాను. మొదటి రాత్రి పెద్దాయన కళ్లతోనే చూశాను. ఇల్లంతా ఎరుపు, ఆకుపచ్చ. గోడ కాగితాలు, కర్టెన్లు, చివరికి కుర్రాడి స్వెట్టరు కూడా. ఇంటినిండా పదిహేను మంది. పండగకి పారిస్ పోతున్నారు. పెట్టెలు, టికెట్లు, పాస్‌పోర్టులు, నూట ఇరవై రెండున్నర డాలర్ల పిజ్జా. ఆ పదిహేను మందిలో ఒక్కరూ చర్చి మాట ఎత్తరు. తల్లి కేట్ అయితే, ఇంటికి చేరడానికి సాతానుకు ఆత్మనైనా అమ్ముతానని ఎయిర్‌పోర్టులో గట్టిగానే అంటుంది. అక్కడ పెన్ను తీసి అండర్‌లైన్ చేశాను. తరవాత కొట్టేశాను. బిడ్డ కోసం గుండె పగిలిన తల్లి మాటకు వేదాంత పరీక్ష పెడితే మా ఆడవాళ్లలో పాసయ్యేవాళ్లు ఎందరు?

రెండో రాత్రి ఒకచోట ఆపి, బైబిలు తెచ్చుకోవాల్సి వచ్చింది.

బయల్దేరే తొందరలో ఇంటికొచ్చిన బంధువుల అమ్మాయి తలలు లెక్కపెడుతుంది కదా. వ్యాను దగ్గర తచ్చాడుతున్న పక్కింటి పిల్లాడి తల కూడా లెక్కలో కలిసిపోతుంది. లెక్క సరిపోయింది, కేట్ చిన్న కొడుకు కెవిన్ మాత్రం అటక మీద నిద్రపోతున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని ఇంత మంది ఎలా మరిచిపోతారని మా పెద్దాయన అంటారని నాకు తెలుసు. లూకా రెండో అధ్యాయం చివర్లో ఉన్నది అదేనండీ! పండక్కి యెరూషలేము వెళ్లి తిరిగొస్తున్న మరియమ్మ, యోసేపు పన్నెండేళ్ల కొడుకు గుంపులో ఎక్కడో ఉన్నాడనుకుని ఒక రోజంతా నడిచేశారు. చుట్టాల్లో, తెలిసినవాళ్లలో వెతికారు. లేడు. వెనక్కి పోయారు. మూడు రోజులకు దొరికాడు. పండగ ప్రయాణం, పెద్ద గుంపు, ఎవరి దగ్గరో ఉన్నాడులే అన్న ధీమా. మీ కథ అచ్చంగా ఇదే. నేను ఆ అధ్యాయం ఏటా డిసెంబరులో చెబుతాను. పశువుల తొట్టి దగ్గర మొదలెట్టి సుమెయోను దగ్గర ఆపేస్తాను. ఈ భాగం క్రిస్మస్‌లోకి రాదనుకునేదాన్ని.

ఆ పిల్లవాడు దొరికింది దేవాలయంలో. మీ కెవిన్ తనవాళ్లంటే తనకు ఇష్టమేనని ఒప్పుకునేదీ చర్చిలోనే. ఇది మీరు అనుకుని చేశారో, చేతికి వచ్చిందో నాకు తెలియదు. తేడా ఒకటి గమనించాను. మరియమ్మ కొడుకు దొరకగానే ముందు మందలించింది. కేట్ ముందు క్షమాపణ అడిగింది. మా పిల్లల తల్లులకు ఇది చూపించాలని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఇక కెవిన్ వాళ్ల వీధిలో ఉండే మార్లీ ముసలాయన. జాన్ హ్యూస్ రాసిన స్క్రిప్టులోకి ఈయన్ని మీరు తెచ్చి కలిపారని అంటారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. వార్నర్ బ్రదర్స్ వాళ్లు బడ్జెట్ దగ్గర పేచీ పెట్టి వదిలేస్తే, సత్రంలో చోటు లేదన్నట్టు రోడ్డున పడ్డ సినిమాను ఫాక్స్ వాళ్లు తీసుకున్నారట. 1 కోటి 80 లక్షల డాలర్లతో తీసి, 1990 నవంబరులో విడుదల చేస్తే ప్రపంచమంతా కలిపి 47 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయట. అదంతా ఇస్త్రీపెట్టెకు, పెయింటు డబ్బాలకు వచ్చిన డబ్బని అందరూ అంటారు. నాకు మాత్రం మార్లీ లేకపోతే మూడో రాత్రి చూడాల్సిన పని ఉండేది కాదు.

మార్లీ రాత్రిపూట వీధిలో ఒక డబ్బా ఈడ్చుకుంటూ ఉప్పు చల్లుతుంటాడు. మా పిల్లలకు ఇది చెప్పాలి. గుంటూరులో ఉప్పు పచ్చడికి, చేపకు. మంచు పడే ఊళ్లో ఉప్పు చల్లితే దారిమీది మంచు కరిగి, పొద్దున నడిచేవాళ్లు జారిపడరు. ఆ ముసలాయన చేస్తున్నది అది. కెవిన్ అన్న బజ్ కిటికీలోంచి చూసి, ఆయన తన ఇంట్లోవాళ్లను పారతో చంపేశాడనీ, శవాలను ఆ ఉప్పులోనే ఊరబెట్టాడనీ కథ అల్లుతాడు. వీధి వీధంతా నమ్మినట్టుంది. ఒక మనిషి పదిమంది కాళ్లు జారకుండా చేసే పనిలోంచే ఆయన మీద హత్య కేసు తయారైంది. అబద్ధ సాక్ష్యం గురించి ఇరవై ఏడేళ్లలో నేను చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఆ డబ్బాకు సరిరావు. శిష్యుల్ని ఉప్పుతో పోల్చిన ప్రభువు మాట మీకు గుర్తొచ్చి పెట్టారా ఆ డబ్బా? నేను గుర్తొచ్చి పెట్టారనే అనుకుంటాను, కాదని మీరు చెప్పినా సరే.

క్రిస్మస్ ముందు సాయంత్రం పిల్లాడు ఒక్కడే చర్చిలోకి వస్తాడు. క్వయర్ సాధన జరుగుతోంది. కొవ్వొత్తుల వెలుగు, సగం ఖాళీ బెంచీలు. ఆ చర్చి బయట నుంచి చూస్తే విల్మెట్‌లోని మెథడిస్టు చర్చి, లోపల ఓక్ పార్కులోని ఎపిస్కోపల్ చర్చి అని చదివి నవ్వుకున్నాను. ఒకే తలుపుకు బయట ఒక సంఘం, లోపల ఇంకొకటి! మా లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తువాళ్లు కలిసి ఒక క్యారల్స్ బస్సు మాట్లాడుకోవడానికే మూడు మీటింగులు పడతాయి.

మార్లీ వచ్చి పక్కన కూర్చుంటాడు. రాబర్ట్స్ బ్లాసమ్ అనే ఆ నటుడి మొహం చూడగానే కుర్రాడితో పాటు మనకూ భయం వేస్తుంది, మాట మొదలవగానే పోతుంది. క్వయర్‌లో ఎర్రజుట్టు పిల్ల తన మనవరాలంటాడు. కొడుకుతో ఏనాడో గొడవైంది. రాత్రి ఆరాధనకు కొడుకు వస్తాడు కాబట్టి తాను రాలేడు, అందుకే సాధన వినిపోవడానికి వచ్చాడు. చర్చికి రావద్దంటారా అని పిల్లాడు ఆశ్చర్యపోతే, చర్చికి ఎప్పుడైనా రావచ్చు, కొడుకు దగ్గరికే రావడానికి లేదని సర్దుతాడు.

ఇక్కడ నేను ఆపి, లైటు వేసుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాను. మాది మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చునే చర్చి. మా అన్నయ్య ఎడమవైపు ఫ్యాను కింద కూర్చుంటాడు. నేను కుడివైపు పిల్లల వరస పక్కన. నాన్న పోయాక ఇంటి వాటాల దగ్గర మాట తేడా వచ్చింది. ఇల్లు, రేకుల షెడ్డు, ఆఖరికి నాన్న గునపం ఎవరిదన్న దగ్గరదాకా వెళ్లింది. గునపం అన్నయ్య పట్టుకుపోయాడు. తొమ్మిదేళ్లు. కూర్చోవడమే విడివిడిగా కాబట్టి మా గొడవ చర్చిలో ఎవరికీ కనబడదు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం ఒకే వరసలో పోవాలి. నేను ముందు వెళ్తే ఆయన ఆఖరున వస్తాడు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న మాట ఉందే, దాన్ని నేను పిల్లలకు ఎన్నిసార్లు కంఠస్థం చేయించానో లెక్కలేదు.

మీ ఎనిమిదేళ్లవాడు ముసలాయనకు ఇచ్చిన సలహాలో వాక్యం లేదు, ప్రార్థన లేదు. ఫోను చెయ్యమన్నాడు. మాట్లాడకపోతే మాట్లాడడని తెలుస్తుంది, ఇక ఆ భయం పోతుంది, అంతే. నేలమాళిగలో బాయిలరును చూసి తాను పడ్డ భయాన్నీ, లైటు వేసి చూస్తే అక్కడేమీ లేకపోవడాన్నీ ముందే చెప్పి ఉంచాడు. మా పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రాశాను: “క్రీస్తు ఈ బెంచీ మీద ఉన్నాడు, ఒక పక్క పిల్లాడు, ఒక పక్క ముసలాయన.” కాస్త ఎక్కువ రాశాననిపించింది. కొట్టలేదు.

అయ్యా, పొగడ్త అయిపోయింది. ఇప్పుడు నా ఫిర్యాదు వినండి.

చర్చిలోంచి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చిన అదే పిల్లాడు ఏం చేశాడు? బల్లమీద కొవ్వొత్తి వెలిగించి, మాకరోనీ పెట్టుకుని, దాన్ని చవగ్గా అమ్మినవాళ్లను కూడా దీవించమని ప్రార్థన చేశాడు. (మా పిల్లలు అన్నం ముందు చేసే ప్రార్థనలో ఇంతవరకు కిరాణా కొట్టువాడు రాలేదు. ఇది నాకు బాగా నచ్చింది.) అంతలో గడియారం తొమ్మిది కొట్టింది, ఇల్లు దోచుకోవడానికి దొంగలు వచ్చే వేళ. ప్లేటు అక్కడే వదిలేసి లేచాడు. పౌలు రోమీయులకు రాసిన ఉత్తరం పన్నెండో అధ్యాయంలో ఒక సంగతి ఉంది. పగ తీర్చుకోవడం మన పని కాదనీ, శత్రువుకు ఆకలేస్తే అన్నం, దాహమేస్తే నీళ్లు ఇవ్వమనీ, అదే వాడి నెత్తిన నిప్పులు పోసినట్టనీ. కెవిన్ అన్నం ప్లేటులోనే చల్లారనిచ్చాడు. నీళ్లు మెట్లమీద పోసి గడ్డకట్టించాడు. నిప్పులు మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇద్దరు దొంగల్లో ఒకడైన హ్యారీ నెత్తిన పెట్టాడు. టోపీ కాలి, బోడిగుండు మీంచి పొగలొచ్చాయి. పౌలు మాటను ఇంత అక్షరాలా పాటించిన పాత్రను నేను ఏ బైబిలు సినిమాలోనూ చూడలేదు.

నవ్వానా? నవ్వాను. అబద్ధం ఎందుకు, పెయింటు డబ్బా తాడుకు ఊగుతూ వచ్చి మొహాన తగిలినప్పుడు పక్కగదిలో మా ఆయన లేచి వచ్చి ఏమైందని అడిగేంత నవ్వాను. దొంగల వేషాల్లో జో పెషి, డేనియల్ స్టెర్న్ పడే తీరులో ఒక లయ ఉంది. టామ్ అండ్ జెర్రీ మీద పెరిగిన మా పిల్లలకు అది దెబ్బ కాదు, ఆట. అందులో నాకు పేచీ లేదు. పిల్లాడు ఒంటరివాడు, వచ్చినవాళ్లు పెద్దవాళ్లు, తలుపుకు వేలాడదీసి వేళ్లు కొరుకుతామన్నవాళ్లు. ఆత్మరక్షణ తప్పని నేననను. కాకపోతే రెండో దొంగ మార్వ్ చెప్పుల్లేని కాళ్లతో కిటికీలోంచి దూకినప్పుడు కింద పరిచి ఉన్నవి క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు బుడగలు. పాదం కింద అవి పటపటా పగిలే చప్పుడు దగ్గర నవ్వు ఆగింది. పండగ కోసం తెచ్చినవి కదా అవి, అనిపించింది.

నన్ను నిజంగా గుచ్చింది ఈ దెబ్బలు కూడా కాదు. అంతకుముందు వచ్చే ఒక చిన్న సంగతి, మీకు గుర్తుందో లేదో. వ్యానులో దొంగలు వెంటపడితే కెవిన్ చర్చి ముందున్న పశువుల పాక బొమ్మల్లోకి దూరి, మరియమ్మ, కాపరుల మధ్య తానూ ఒక బొమ్మలా నిలబడిపోతాడు. దొంగలు బండి ఆపి వెతుకుతారు. చర్చిలోకి పోయుంటాడంటాడు ఒకడు. లోపలికి నేను రానంటాడు ఇంకొకడు. నేనూ రానంటాడు మొదటివాడు. బండి తిప్పుకుని పోతారు. హాల్లో మా పిల్లలు అక్కడ నవ్వుతారు. రెండుసార్లు నేనూ నవ్వాను.

మూడోసారి రిమోటు పక్కన పెట్టాను. తొట్టికి పది గజాల దూరంలో ఇద్దరు దొంగలు నిలబడి, ఇది మన చోటు కాదనుకుని వెళ్లిపోయారు. ఆ ముక్క రాసినవాళ్లకు అది జోకు. మాకది జోకు కాదండీ. ఆ తొట్టి ముందుకు మొదట వచ్చినవాళ్లు రాత్రిళ్లు పొలాల్లో పడుకునే గొర్రెలకాపరులు. ఆ తొట్టిలో బిడ్డ పెద్దై, పోయేముందు పరదైసు మాట ఇచ్చింది పక్క సిలువమీది దొంగకే. ఆ చోటు ఎవరిదైనా అయితే ముందు హ్యారీ, మార్వ్‌లది. వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మీ సినిమాలో క్షమాపణ చాలా ఉంది. తల్లి కొడుకును అడుగుతుంది, తండ్రి కొడుకును కౌగిలించుకుంటాడు, బజ్ కూడా తమ్ముడితో ఒక మంచి ముక్క అంటాడు. అదంతా ఒకే ప్రహరీ లోపల తిరుగుతుంది. మార్లీది రెండో ప్రహరీ, అంతే. గేటు బయటివాళ్లకు దక్కింది పార దెబ్బ, పోలీసు బండి. 1992లో రెండో సినిమాలోనూ ఇదే వరస పెట్టారు. సెంట్రల్ పార్కు పావురాల ఆవిడ దగ్గర మనసు విప్పిన పిల్లాడు, అదే రాత్రి మేడమీంచి ఇటుకలు విసిరాడు.

దొంగల్ని వదిలేయమనడం లేదు. నీళ్ల కుళాయిలు తిప్పి వదిలిన ఇళ్లన్నింటికీ వాళ్లు జవాబు చెప్పాల్సిందే. పోలీసు బండి కదిలేటప్పుడు కిటికీలోంచి చూస్తున్న కెవిన్ మొహంలో గెలుపు నవ్వు ఒక్కటే ఉంది. ఇంకో రెండు సెకన్లు కెమెరాను అక్కడే ఉంచి ఉంటే ఏమై ఉండేదా అని. మీకు ఆ పని చేతకాక కాదు. మర్నాడు పొద్దున మార్లీ కొడుకును, మనవరాలిని హత్తుకోవడాన్ని ఒక్క మాట లేకుండా, కిటికీ అద్దం ఇవతలి నుంచి చూపించారు. ముసలాయన తలెత్తి చూసి చెయ్యి ఊపాడు. జాన్ విలియమ్స్ సంగీతం తప్ప ఇంకేం లేదు. అది తీసినవారికి ఇది కష్టమా?

కమిటీకి ఇచ్చిన కాగితంలో సినిమా వేయవచ్చని రాశాను. ఏడేళ్ల లోపు పిల్లలు తల్లుల పక్కన కూర్చోవాలని, కెవిన్ టీవీలో చూసే, తుపాకి పేలే పాత నలుపు తెలుపు సినిమా ముక్క దగ్గర కాస్త సౌండు తగ్గించాలని రాశాను. ఇంట్లో ఇస్త్రీపెట్టె, గ్యాసు జోలికి పోకూడదని పెద్ద అక్షరాల్లో రాశాను. పెద్దాయన రెండుసార్లు చదివి, బెంచీ మీద క్రీస్తు ఉన్నాడన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, ఇది నువ్వు రాసిందేనా అమ్మా అన్నారు. అవునన్నాను. సంతకం పెట్టారు.

దాంతోపాటు ఈసారి సండే స్కూలు నాటకంలో రెండు వేషాలు కలిపాను. కాపరులు, జ్ఞానులు పాక దగ్గరికి వచ్చాక చివర్లో ఇద్దరు దొంగలు వస్తారు. గుమ్మం దగ్గర ఆగి, నువ్వు పో అంటే నువ్వు పో అని తోసుకుంటారు. తరవాత మాటలింకా రాయలేదు. హేరోదు వేషం కోసం ఏటా కొట్టుకునే పదో తరగతి కుర్రాళ్లు ఈ ఏడు దొంగల వేషాలకు కొట్టుకున్నారు. హ్యారీగాడు చాక్లెట్ కాగితం పంటికి చుట్టి బంగారు పన్ను చేసుకున్నాడు. మార్వ్‌గాడు రిహార్సల్ అయ్యాక చర్చి కుళాయి తిప్పి వదిలేసి పోతే, వాచ్‌మన్ వచ్చి నన్ను తిట్టాడు.

ఒక్క సామాను తక్కువైంది. తలుపు పెకలించే గునపం కావాలట, అట్టముక్కతో చేస్తే బాగోదట, నిజందే కావాలట. మా వీధిలో ఇప్పుడు ఎవరిళ్లలోనూ గునపాలు లేవు, అందరివీ టైల్సు గచ్చులు. నాన్నది ఒకటుంది. రేపు సాయంత్రం ఆరింటికి రిహార్సల్. ఈలోపు వెళ్లి అడగాలి.

ఇట్లు,
ఒక సండే స్కూలు టీచరు,
గుంటూరు